పశువుల నెలవులు – మనుష్యుల సభలు



2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస సమీపమున తీరము దాటినది. ఆ దినమును ఉద్దానము వారెవ్వరును మరవజాలరు. తాతలు నాటిన కొబ్బరిచెట్లును, తండ్రులు పెంచిన జీడితోటలును కొన్ని గడియలలో నేలకొరగినవి. పిమ్మట కొన్ని దినములకు నష్టపు లెక్కలు వ్రాయుటకై మా వీధికి ఒక యువకుడు వచ్చెను. చదువుకొన్నవాడు, వినయము గలవాడు. మా పొరుగున నున్న వృద్ధుడు అతని యెదుట చేతులు జోడించి, "మా సాల పడిపోనాది బాబూ. ఆవు బతికినాది గానీ దూడ పోనాది" అని చెప్పుకొనెను. యువకుడు కలము నిలిపి, "స్కూలు మీ పేరున ఉండదు గదా తాతా, దానికి వేరే లెక్క ఉంది" అనెను. వృద్ధునకు ఏమియు తోచక నా వంక చూచెను. అప్పుడు నేను కల్పించుకొని, "నాయనా, ఆయన చెప్పునది పాఠశాల కాదు, పశువుల సాల. గొడ్లను కట్టివేయు పాక" అని విప్పి చెప్పవలసివచ్చెను. యువకుడు నొచ్చుకొని, వెంటనే దిద్దుకొని, ఆ దూడను కూడ లెక్కలో వ్రాసికొనెను.

ఇందులో ఆ యువకుని తప్పేమియు లేదు. అతడు పట్టణమున పుట్టి పెరిగినవాడు. కాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాడను. సంధులు చెప్పితిని, సమాసములు చెప్పితిని, ఛందస్సు చెప్పితిని. మన యింటి వెనుక నున్న సాల మాటను ఒక్కనాడైనను నల్లబల్లమీద వ్రాసి, దాని పుట్టువు ఇట్టిది అని పిల్లలకు చెప్పితినా? చెప్పలేదు. ఆ లోపమును కొంతవరకైన తీర్చుకొనుటకే నేటి యీ ప్రసంగము. పశువుల నెలవులను దెలుపు నాలుగైదు మాటల పుట్టుపూర్వోత్తరములను మీకు విన్నవింతును. ఇది వ్యాకరణపాఠము కాదు. మన పూర్వులెట్లు బ్రదికిరో ఆ మాటలే చెప్పగలవు. చెప్పించుకొను ఓపిక మనకుండవలెను.

మొట్టమొదట సాల మాటనే చూతము. ఇది సంస్కృతమున శాలా యను శబ్దమునుండి వచ్చినది. నేడు మనము పాఠశాల, వైద్యశాల, పాకశాల, ధర్మశాల అని ఎన్నియో శాలలను గూర్చి పలుకుచున్నాము. ఈ శాలలలో ఏది ముందు, ఏది వెనుక? అథర్వవేదమున శాలను గూర్చిన సూక్తములు కలవు. అవి గృహనిర్మాణ సమయమున చెప్పదగిన మంత్రములు. అందు వర్ణింపబడిన శాల మనుష్యులకు మాత్రమే కట్టిన యిల్లు గాదు. అందు ఆవులకును, గుఱ్ఱములకును నమస్కారము చెప్పబడినది. ఆ కప్పు క్రింద పుట్టిన ప్రాణికెల్ల నమస్కారము చెప్పబడినది. అనగా ఆనాటి శాల మనుష్యులకును పశువులకును ఉమ్మడి నివాసము. పిమ్మట కాలక్రమమున మనుష్యుడు తన నివాసమునకు వేఱు పేరులు పెట్టుకొని దూరముగా జరిగెను. మన ప్రాంతమున ఒంటిగా మిగిలిన 'సాల' పశువులకు దక్కినది. కావున యువకుడు పొరపడినను పూర్తిగా పొరపడలేదనవలెను. పాఠశాలయు పశువుల సాలయు ఒక్క తల్లి బిడ్డలే.

మనుష్యులును పశువులును ఒక్క కప్పు క్రింద నుండుట మన దేశపు వింత మాత్రమే కాదు. ఇచ్చట మిమ్ము ఒక్కమారు చాల దూరము, ఆర్మీనియా దేశమునకు కొనిపోవుదును. ఆర్మీనియనులు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. వారి వర్తకులు పూర్వము చెన్నపట్టణమున స్థిరపడియుండిరి. ఆర్మీనియను వీధి యను పేరు అచ్చట నేటికిని నిలిచియున్నది. లోకమున ఆర్మీనియను భాషలో వెలువడిన మొదటి పత్రిక 1794వ సంవత్సరమున అచ్చయినది చెన్నపట్టణముననే.

క్రీస్తునకు పూర్వము 401–400 సంవత్సరముల చలికాలమున క్సెనొఫన్ అను గ్రీకు వీరుడు సేనతో ఆర్మీనియా కొండలగుండ మంచులో నడచి పోయెను. తాను చూచినదంతయు గ్రంథస్థము చేసెను. అచ్చటి పల్లెలలో ఇండ్లు భూమిలోపల నుండెడివట. పైన నూతి నోరువంటి ద్వారము, లోపల విశాలమైన చోటు. మనుష్యులు నిచ్చెన వేసికొని దిగుదురు. పశువులు దిగుటకు వేఱుగా ఏటవాలు దారి త్రవ్వుదురు. లోపల మేకలు, గొఱ్ఱెలు, ఆవులు, కోళ్లు తమ పిల్లలతో గూడ ఆ యింటివారితోనే యుండెడివి. గడ్డి లోపలనే వేసి మేపెడివారు. బయట మంచు మోకాలిలోతున నున్నప్పుడు ఆ పశువుల వెచ్చదనమే మనుష్యులకు కుంపటి. వేలయేండ్లు గడచినను ఆ సీమలలో ఆ వాడుక చాలకాలము నిలిచియుండెను.

ఆర్మీనియను భాషలో పశువుల కొట్టమును 'గోమ్' అందురు. ఈ మాట వినగానే మనవంటివారికి ప్రాణము లేచివచ్చును. 'గో' యనగా ఆవు గదా, కావున గోమ్ అనగా గోశాలయే గదా అని తీర్పు చెప్పివేయబుద్ధి పుట్టును. ఇచ్చటనే జాగ్రత్త పడవలెను. ఆర్మీనియను భాష మన సంస్కృతమునకు దూరపు చుట్టము. ఆ భాష పారసీకమునకు శాఖ కాదనియు, స్వతంత్రముగా వేరుపడిన శాఖ యనియు 1875లో హ్యూబ్ష్మన్ అను జర్మను పండితుడు నిరూపించెను. చుట్టరికమున్నచోట ధ్వనులలో ఒక క్రమముండును. మన 'ద'కారము వారియొద్ద 'త'కారమగును. మన దశ వారికి 'తస్న్'. ఆ క్రమముననే మన గోశబ్దము వారికి 'కొవ్' అయినది. ఆవును వారు కొవ్ అందురు. కాగా 'గో' శబ్దమునుండి పుట్టిన మాట వారి భాషలో 'క'కారముతో నుండవలెనుగాని 'గ'కారముతో నుండరాదు. వారి 'గ'కారము మన 'ఘ'కారమునకు సాటి. మన మేఘము వారి 'మేగ్'. కావున గోమ్ మాటకు మన గోవుతో చుట్టరికము లేదు. పండితులు కొందరు దానిని ఉత్తర ఐరోపా భాషలలో పశువుల కొట్టమును దెలుపు మాటలతో పోల్చిరి. గుఱ్ఱపుశాలకు వారు వాడు 'ఆఖోర్' అను మాటయో, పారసీక వర్గపు భాషలనుండి యెరువు తెచ్చుకొన్నది. ఆ మాట మన దేశమునకును వచ్చినది. ఢిల్లీ సుల్తానయిన కుతుబుద్దీన్ ఐబక్ రాజ్యమునకు రాకముందు అశ్వశాలాధికారిగా నుండి 'అమీరె ఆఖూర్' అనిపించుకొనెను.

ఈ దూరపు కథ ఎందులకు చెప్పితినన, మన యింటి పేరులోనే ఇట్టి పొరపాటునకు తావున్నది. చిన్ననాట మేము మందస యనగా పసుల మంద నిలిచిన చోటు కాబోలునని తలచెడివారము. కాని మన పెద్దలు మందసకు మంజూష యను ప్రాచీననామమును చెప్పుచున్నారు. మంజూష యనగా పెట్టె; దానికి వికృతి మందసము. చెవికి ఒక్కటిగా వినబడిన మాటలెల్ల ఒక్క కడుపున పుట్టినవి కావు. ఇది గుర్తుంచుకొని ముందునకు పోవుదము.

ఇప్పుడు గోష్ఠము. గోవులు నిలుచు చోటు గోష్ఠము. ఇందు చుట్టరికము స్పష్టము. గోశబ్దము, నిలుచుటను దెలుపు ధాతువు, ఈ రెండే అందున్నవి. అథర్వవేదమున గోష్ఠమునకు ప్రత్యేకముగా ఒక సూక్తము గలదు; ఆవులు సుఖముగా అందుండవలెనని దీవించు సూక్తమది. ఈ మాట జనులనోట ఎంతగా నలిగినదన, కొంతకాలమునకు అందు గోవున్నదను సంగతియే మరచిపోయిరి. గొఱ్ఱెల దొడ్డికి అవిగోష్ఠమనిరి. గేదెల దొడ్డికి మహిషీగోష్ఠమనిరి. చివరకు ఆవుల దొడ్డికే గోగోష్ఠము అని మరల గోవును చేర్చవలసివచ్చినది! దీనిని వైయాకరణులే గుర్తించి, గోష్ఠమనునది స్థానమును దెలుపు ప్రత్యయమువలె నైనదని కాత్యాయన వార్తికమున చెప్పిరి. మనము 'మంచినీళ్ల కుండ'లో మజ్జిగ పోసినట్లన్నమాట. పాత్ర పేరు నిలిచినది, లోపలి పదార్థము మారినది.

అంతటితో ఆగలేదు. సాయంకాలము ఆవులు తిరిగివచ్చువేళకు గోపాలకులెల్లరు గోష్ఠమున చేరుదురు. ఏ ఆవు ఈనినది, ఏది కుంటినది, ఏ మేతపట్టున నీరున్నది, పొరుగువాని ఆబోతు ఎవరి చేలబడినది – ఈ మాటలన్నియు అచ్చటనే. తగవులు అచ్చటనే, తీర్పులు అచ్చటనే, కథలు అచ్చటనే. అట్లు గోష్ఠమున కూడిన కూటము గోష్ఠి యైనది. పిమ్మట ఆవులు లేకున్నను నలుగురు కూడి మాటలాడిన గోష్ఠియే. పండితుల గోష్ఠి, కవుల గోష్ఠి, వైద్యుల గోష్ఠి. మన మందస వాసుదేవపెరుమాళ్ల కోవెలలో దివ్యప్రబంధమును సేవించి తీర్థప్రసాదములు స్వీకరించు భక్తసమూహమును గోష్ఠి యనియే గదా పిలుచుచున్నాము. ఆ మహనీయమైన మాట ఆవుల కొట్టమునుండి వచ్చినదని చెప్పినచో దానికి గౌరవలోపము లేదు. గోపాలునికి అంతకంటె ఇంపైన మాట మరియొకటి యుండునా?

గోత్రము సంగతియు నిట్టిదే. పెండ్లిలోను, పూజలోను మీ గోత్రమేమని అడుగుదురు. ఋగ్వేదమున గోత్రమనగా గోవులను కాపాడు చోటు, ఆవుల దొడ్డి. ఇంద్రునకు గోత్రభిత్తు అని పేరు. దొడ్డి గోడలను బ్రద్దలుకొట్టి మూయబడిన ఆవులను విడిపించినవాడని ఆ పేరునకు వేదమున నున్న భావము. ఒక్క దొడ్డిలో ఆవులను కట్టుకొనువారు ఒక్క కుటుంబమువారు. కావున దొడ్డి పేరు కుటుంబమునకు, కుటుంబము పేరు వంశమునకు అయినది. వ్రజమనగా ఆవుల దొడ్డి. అదియే శ్రీకృష్ణుడు ఆడిపాడిన మథురాప్రాంతమునకు పేరైనది. ఘోషమనగా గొల్లపల్లె. గంగలో ఘోషమున్నదని అలంకారశాస్త్రము చదివిన ప్రతివాడును లక్షణకు ఉదాహరణము చెప్పును. నీటిలో పల్లె యెట్లుండును, గంగ యొడ్డున నున్నదని గ్రహింపవలెనని గురువు బోధించును. ఆ యుదాహరణమును నేనును గురుముఖమున వల్లించితిని. కాని ఆ యొడ్డున పల్లె యెందులకున్నది? ఆవులకు నీరు కావలెను గనుక! ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఇవి సంస్కృతపు మాటలు. మన దేశిమాటలు కూడ ఈ త్రోవనే నడచినవా అని అడుగుదురు. నడచినవి. మంద యనగా నేడు పసుల గుంపు. కాని రైతు 'చేనిలో మంద పెట్టించితిని' అన్నప్పుడు గుంపు మాత్రమే యర్థము కాదు. గొఱ్ఱెలను రాత్రియంతయు చేనిలో ఒక్కచోట నిలిపి, ఎరువు పడనిచ్చుట యని యర్థము. గుంపును దెలుపు మాట నిలుపుటను గూడ దెలిపినది. నీలగిరులలో తోడా జాతివారు గేదెలను పూజించి వానిపాలతో జీవించువారు. వారి పల్లెలను పొరుగువారు మందు, మండు అందురు. ఉదకమండలమును తెల్లదొరలు 'ఊటకమండ్' అని పిలిచిరి. ఆ పేరు చివరనున్న మాట ఇదియే. తమిళమున మన్ఱు అను మాటకు సభ, న్యాయస్థానము అని యర్థము. పశువుల కొట్టము అనియు యర్థము గలదు. గోష్ఠము గోష్ఠియైన విధముననే యిచ్చటను కొట్టమును సభయు ఒక్క మాటలో ఒదిగినవి. ఒకరి నొకరు చూచి వ్రాసికొన్నది కాదు. ఒక్క రీతి బ్రదుకునుండి ఒక్క రీతి మాట పుట్టినది.

అంతదూరమేల? గోదావరి, కృష్ణా సీమలలో గొడ్లను కట్టు పాకను గొడ్లచావడి యందురు. వారే ఊరి పెద్దలు కూర్చుండు పందిటిని రచ్చచావడి యందురు. గొడ్లకు చావడి, పెద్దలకు చావడి. ఆ మాటను ప్రతిదినము వాడుచు, ఆ రెండును ఒక్కటే యని నవ్వుకొన్నవారు ఎందరో తెలియదు గాని, మాట మాత్రము నవ్వుచునే యున్నది.

"ఇవన్నియు పండితుల ఊహలు, కంటికి కనబడు ఋజువేమి?" అని మీలో ఒకరు అడుగవచ్చును. ఋజువు తెలుగునేలమీదనే యున్నది. బళ్లారి, అనంతపురము, కర్నూలు, పాత మహబూబ్‌నగరు జిల్లాలలో అక్కడక్కడ బూడిద దిబ్బలు కలవు. కొన్ని చిన్న గుట్టలంత యున్నవి. పూర్వము రాక్షసులను దహించిన బూడిద యని కొందరును, ఋషుల యజ్ఞభస్మమని కొందరును చెప్పుకొనెడివారు. 1957లో ఆల్చిన్ అను ఆంగ్ల పురాతత్త్వవేత్త పాత మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరున ఒక దిబ్బను త్రవ్వించెను. ఏమి కనబడినది? వరుసగా దుంగలు పాతిన గుంటలు. చుట్టును కట్టిన కంచె గుఱుతులు. కంచె నడుమ పొరలు పొరలుగా కాలిన పేడ. బూడిదలో పశువుల గిట్టల ముద్రలు! నాలుగువేల యేండ్లకు పూర్వము, ఇనుము ఎరుగని కాలమున, రాతి గొడ్డళ్లతో చెట్లు నరికి కట్టిన ఆవుల దొడ్డి యది. పేడ కుప్పలు పేరుకొన్నప్పుడెల్ల తగులబెట్టి, మరల కంచె కట్టుకొని, మరల ఆవులను తోలుకొనుచు వచ్చిరి. ఆ మంటలు ఒకవిధమగు పండుగ మంటలై యుండునని ఆల్చిన్ ఊహించి, నేటి పండుగలలో వేయు మంటలతో పోల్చెను. భోగినాడు మంట వేయునప్పుడు మనము ఈ సంగతి తలచుకొనవచ్చును.

ఆ దిబ్బ యున్న సీమకు దాపుననే గద్వాల ప్రాంతము. అచ్చట కొన్ని ఊళ్ల పేరులు దొడ్డితో ముగియును. కాలూరు తిమ్మనదొడ్డి యను పేరుతో ఒక మండలమే కలదు. అచ్చట దొడ్డి యనగా ఊరు. ముందు పశువులకు కంచె వేసిరి. ఆ కంచె ప్రక్కన గుడిసె వేసిరి. గుడిసెలు పెరిగి ఊరైనది. తమిళదేశమున పట్టి యను మాటయు అట్టిదే. కొట్టమనియు నర్థము, కుగ్రామమనియు నర్థము. మనుష్యుడు ఊరు కట్టి పశువును తెచ్చుకొన్నాడని మనము తలచుచున్నాము. మాటలు వేఱుగా సాక్ష్యమిచ్చుచున్నవి: పశువు నిలిచినచోట మనుష్యుడు నిలిచెను.

ఇక దొడ్డి మాటకు పట్టిన మరియొక గతిని చెప్పక తప్పదు. దొడ్డి కాపాడుచోటు. అట్టి మాటకు బందె యను మాట ముందు చేరి బందెలదొడ్డి యైనది, అది చెఱసాల. దారితప్పి చేలబడిన పశువును పట్టి మూయుట మన పల్లెలలో పాత వాడుకయే యైనను, 1871వ సంవత్సరపు పశువుల చట్టముతో ఆ దొడ్డి సర్కారు దొడ్డి యైనది. పశువు యజమాని జరిమానాయు, మేపుడు ఖర్చులును కట్టి విడిపించుకొనవలెను. గడువులోగా విడిపింపనిచో వేలము. నా చిన్నతనమున మా యెఱ్ఱయావును ఒకమారు బందెలదొడ్డిలో వేసిరి. మా నాయనగారు రూకలు కూర్చుకొని వచ్చునప్పటికి ప్రొద్దు పోయెను. అంతవరకు మా అమ్మ పచ్చగడ్డి మోపు తెచ్చి, కంచె సందులగుండ ఒక్కొక్క పిడికెడు అందించుచు నిలుచుండెను. ఆవు తినలేదు, అమ్మయు ఆ పూట తినలేదు. దొడ్డి యను ఒక్క మాటలోనే గోత్రమును గలదు, చెఱయును గలదు అని నాకు ఆనాడు తెలియదు.

దొడ్డికి తాళము పడినట్లే అడవికిని పడినది. 1882లో చెన్నరాష్ట్రపు అటవీచట్టము వచ్చినది. పశువు మేసిన గడ్డికి పుల్లరి యను పన్ను. పల్నాటిలో ఆ పుల్లరిని నిరాకరించి 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. మన మందస జమీనులో రైతులు నాగలికిని వ్యవసాయమునకును కావలసిన కలపకై జమీందారు అడవికి పోయినందులకు నిర్బంధముల పాలైరి. 1940వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన గుడారి రాజమణిపురమున జరిగిన కాల్పులలో వీరగున్నమ్మ మొదలైనవారు ప్రాణములు విడిచిరి. ఆ కథ మీకు నేను చెప్పదగినది కాదు; మీ యిండ్లలోనే యున్నది. 1948వ సంవత్సరపు చట్టముతో జమీందారీలు రద్దయినవి. నేను చెప్పునది ఇంతే: సాలకు గుంజ కావలెను, నాగలికి కఱ్ఱ కావలెను, ఆవునకు గడ్డి కావలెను. ఈ మూటికి త్రోవ మూసినవాడు పల్లె ఊపిరిని మూసినవాడగును. పశువుల నెలవు చరిత్ర రాజుల చరిత్రకు వెలుపల నున్నది కాదు.

చివరగా ఒక మాట. పాణిని వ్యాకరణమున ఒక విచిత్రమైన పదమునకు సూత్రము గలదు: గౌష్ఠీనము. 'పూర్వము గోష్ఠముండి, ఇప్పుడు లేని చోటు' అని దాని యర్థము. అమరసింహుడును దీనిని తన కోశమున చేర్చెను. ఇల్లుండి పోయిన చోటునకు ఒక్క మాటలో పేరు పెట్టలేదు. సభయుండి పోయిన చోటునకు పెట్టలేదు. ఆవుల కొట్టము ఉండి పోయిన చోటునకు మాత్రము ఒక ప్రత్యేకమైన మాట, దానికొక ప్రత్యేకమైన సూత్రము! విద్యార్థిగా నున్నప్పుడు ఈ సూత్రము వృథాయని తలచితిని. మందలు మేతకొరకు ఒకచోట విడిచి మరియొక చోటికి పోవుకాలమున, ఎరువుతో నిండి, గడ్డి ఏపుగా పెరిగిన అట్టి పాతచోటులు వారికెంత ముఖ్యములో నేను ఆలోచింపలేదు.

నేడు ఆ మాటకు మన ఉద్దానమున ఎన్ని చోటులు అర్థమిచ్చుచున్నవో చూడుడు. తిత్లీ తరువాత మా వీధిలో కూలిన ఇండ్లు మరల లేచినవి. వెనుకటికంటె గట్టిగా, మిద్దెలుగా లేచినవి. కూలిన సాలలలో లేచినవి తక్కువ. దుక్కికి ట్రాక్టరు వచ్చెను, పాలు సంచులలో వచ్చుచున్నవి. దీనికి ఎవరిని నిందింపను? ఎముకలు అరిగినవారిని తెల్లవారుజామున లేచి పేడ తీయుమని చెప్పుటకు నాకు నోరు రాదు. పిల్లలు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో పనులకు పోయిరి. కాని సాల పోయినచోట సాల మాటయు పోవుచున్నది. దానితో గుంజ, పలుపు, గాడి, కుడితితొట్టి, గెత్తము – ఒక్కొక్కటిగా పోవుచున్నవి. చోటు పోయిన తరువాత మాటయు పోయినచో, ఇచ్చట ఒకప్పుడు ఏమున్నదో అడుగువాడుండడు. పాణిని యా సూత్రమును చేసినది బహుశః ఈ భయముతో కాదు. కాని నేడు నాకది ఈ భయముతోనే వినబడుచున్నది.

పెద్దలారా! మీ కాళ్లకు మరల పేడ అంటవలెనని నేను కోరుటలేదు. మీకు తెలిసిన పేరులను మీ మనుమలకు చెప్పుడని కోరుచున్నాను. పెరటిలో ఖాళీ జాగాను చూపి, "ఇది మన సాల యుండిన చోటు, ఇచ్చట ఎఱ్ఱయావును కట్టెడివారము, దాని గాడి ఇచ్చట" అని చెప్పుడు. మన చిన్నపిల్లవాడు గోష్ఠి యను మాటను పుస్తకమున చదివినప్పుడు, గోత్రమును పీటలమీద చెప్పినప్పుడు, వానికి ఆ ఖాళీ జాగా గుర్తునకు వచ్చినచో చాలును. లెక్కలు వ్రాయుటకు వచ్చిన యువకుడు ఎక్కడ తడబడెనో, అక్కడ మన పిల్లలు తడబడకుందురు.

మా పొరుగు వృద్ధుడు నేలకొరిగిన కొబ్బరిమానులనే గుంజలుగా నిలిపి, మరుసటి యేట తన సాలను తిరిగి లేవనెత్తెను. ఆవు మరల ఈనినది. జున్ను పంపి, స్వయముగా వచ్చి నన్ను పిలుచుకొని పోయెను. లోపల ఒక మూల గోనెపట్ట పరచి, "మీ సాల్లో మా పిల్లలు కూకున్నారు గదా మాస్టారూ, ఇయ్యాల మా సాల్లో మీరు కూకోండి" అనెను. కూర్చుంటిని. కొంతసేపటికి వీధిలోనివారు ఇద్దరు ముగ్గురు దూడను చూచుటకు వచ్చిరి. వారును కూర్చుండిరి. వానల మాట వచ్చినది, జీడిపిక్కల ధర మాట వచ్చినది, ఎవరి పిల్లవాడు ఎక్కడనున్నాడో ఆ మాట వచ్చినది. దీపములు పెట్టువేళ వరకు అచ్చటనే యుంటిమి.

మీ యిండ్లలోని పశువులకును, పిల్లలకును క్షేమమగుగాక.